రాతి మీది గీత నుంచి అర్థం దాకా: ప్రాచీన సెమిటిక్ శాసనాన్ని చదివే పద్ధతి

క్రీ.పూ. 1000–600 మధ్య లెబనాన్, సిరియా, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతాల్లో చెక్కిన ఫినీషియన్, హీబ్రూ, అరామిక్, మోయాబు శాసనాలు చదవాలంటే నేర్వాల్సిన అక్షరాలు 22. గుణింతాలు లేవు, ఒత్తులు లేవు. రోజుకో గంట కూర్చుంటే పది రోజుల్లో అక్షరాలు చేతికొస్తాయి. కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. అచ్చులో వచ్చిన పాఠాన్ని ముందే చదివేసి, రాతి మీద అదే కనబడుతోందని అనుకోవడం ఈ విద్యకు పట్టే మొదటి జబ్బు. పెద్ద పండితులకూ అది పట్టింది. అందుకే ఇక్కడి వరుసను తప్పకుండా పాటించండి: ముందు గీతలు, తర్వాత అక్షరాలు, ఆపైన పదాలు, అన్నిటికన్నా చివర అర్థం.

ఏ శాసనంతో మొదలుపెట్టాలి

తవ్వకంలో దొరికినదై, ఎక్కడ దొరికిందో నమోదై ఉన్నదాన్నే తీసుకోండి. పురాతన వస్తువుల బజారులోంచి వచ్చినవి ఎంత ఆకర్షణీయంగా ఉన్నా మొదటి ఏడాది వాటి జోలికి పోవద్దు. ఇజ్రాయెల్ మ్యూజియం 1988లో కొన్న దంతపు దానిమ్మ మీది రాతను నకిలీ అని 2004లో నిపుణుల సంఘం తేల్చింది. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం దగ్గరున్న మృతసముద్రపు రాతచుట్టల (ప్రాచీన చేతిరాత ప్రతుల) తునకలు 16కు 16 నకిలీవేనని 2020లో బయటపడింది. నకిలీ రాతతో కన్నుకు శిక్షణ ఇస్తే అక్షరాల రూపాలే తప్పుగా మనసులో పడతాయి. తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

మొదలుపెట్టడానికి రెండు శాసనాలు చాలు. ఒకటి గెజెరు పలక. 1908లో మెకాలిస్టర్ తవ్వకాల్లో దొరికిన చిన్న సున్నపురాతి పలక ఇది. అరచేతిలో ఇమిడిపోతుంది, ఏడు పంక్తులుంటాయి, కాలం క్రీ.పూ. 10వ శతాబ్దం. రెండోది యెరూషలేములోని సిలోయము సొరంగ శాసనం. 1880లో బయటపడింది, ఆరు పంక్తులు, కాలం క్రీ.పూ. 700 ప్రాంతం. రెండూ ఇప్పుడు ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియం సొత్తు. రెంటికీ మంచి ఫోటోలు దొరుకుతాయి. వాటి మధ్య దాదాపు రెండున్నర శతాబ్దాల ఎడం ఉంది కాబట్టి లిపి ఎలా మారిందో కూడా తెలుస్తుంది.

అక్షరాలు, వాటిని తెలుగులో రాసుకునే పద్ధతి

22 అక్షరాల వరుస ఇది: ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్, హే, వావ్, ౙాయిన్, హేత్, టేత్, యోద్, కాఫ్, లామెద్, మేమ్, నూన్, సామెఖ్, అయిన్, పే, ౘాదే, ఖోఫ్, రేష్, షిన్, తావ్. అన్నీ హల్లులే. ఆలెఫ్ గొంతులో చిన్న ఆగుదల, అయిన్ గొంతు లోతుల్లోంచి వచ్చే ధ్వని. ఆ రెంటినీ అచ్చులనుకుంటే లెక్క తప్పుతుంది.

తెలుగు లిపిలో రాసుకోవాలంటే ఒక అక్షరానికి ఒకే గుర్తు ఉండాలి. ఈ పని తెలుగులో బాగానే కుదురుతుంది: అ, బ, గ, ద, హ, వ, ౙ, హః, ట, య, క, ల, మ, న, స, ‘అ, ప, ౘ, ఖ, ర, ష, త. హేత్‌ను హే నుంచి విడదీయడానికి హకు విసర్గ పెట్టాం. అయిన్‌ను ఆలెఫ్ నుంచి విడదీయడానికి ముందు ‘ గుర్తు పెట్టాం. మనం వాడటం మానేసిన దంత్య ౘ, ౙలు ఇక్కడ సరిగ్గా పనికొస్తాయి. అక్షరాల మధ్య అడ్డగీత, పదాల మధ్య చుక్క పెట్టండి. అచ్చులు మాత్రం చేర్చవద్దు. మ-ల-క అని కనబడితే మ-ల-క అనే రాయాలి. మెలెక్ (రాజు) అని రాశారంటే అప్పుడే అర్థంలోకి దూకేశారన్నమాట.

అక్షరాలను చూసి గుర్తుపట్టడం వేరు, చేత్తో రాయడం వేరు. ఒక్కో అక్షరాన్ని కుడి నుంచి ఎడమకు రోజుకు ఇరవై సార్లు, గీతల క్రమం మార్చకుండా రాయండి. ఎక్కువగా తికమక పెట్టేవి ఇవి:

దాలెత్, రేష్, బేత్. మూడింటికీ మూసుకున్న తల ఉంటుంది. దాలెత్‌కు కాలు ఉండదు, ఉన్నా పొట్టిది. రేష్‌కు పొడుగాటి కాలు కిందికి దిగుతుంది. బేత్ కాలు అడుగున ఎడమకు వంగుతుంది. కాలు అడుగుభాగం విరిగిన చోట ఈ మూడింట్లో ఏదో తేల్చలేం. తేల్చకూడదు కూడా. పాత లేఖకులకే దాలెత్, రేష్ కలిసిపోయేవి. బైబిలులో ఒకే సంఘటనకు ఒకచోట అరాము, మరోచోట ఎదోము అని కనబడటం వెనక ఉన్నది ఆ ఒక్క అక్షరమే.

హే, హేత్. హేకు ఒకే నిలువుగీత, దాని నుంచి ఎడమకు మూడు అడ్డగీతలు. హేత్‌కు రెండు నిలువులు, మధ్యలో మెట్లు. ఎడమ అంచు చెడిపోతే హేత్ హేలా కనబడుతుంది.

మేమ్, నూన్. రెంటికీ వంకర తల, పొడుగు కాలు. మేమ్ తలలో వంకరలు ఎక్కువ, నూన్‌లో తక్కువ. వంకరలు లెక్కపెట్టడం తప్ప వేరే దారి లేదు.

గీమెల్, పే, లామెద్. మొదటి రెంటికీ వంపు పైన ఉంటుంది, లామెద్‌కు కింద. ఇక టేత్ అంటే వలయంలో అడ్డుగుర్తు, అయిన్ అంటే ఒట్టి వలయం, తావ్ అంటే ఒట్టి అడ్డుగుర్తు. వలయం లోపలి భాగం అరిగిపోతే టేత్ అయిన్ అయిపోతుంది.

ఈ రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది గానీ, క్రీ.పూ. 11వ శతాబ్దానికి ముందు ఆ నియమం స్థిరపడలేదు. సీనాయిలోని సెరాబిత్ ఎల్ ఖాదిమ్‌లో 1905లో పురావస్తు శాస్త్రవేత్త పెట్రీకి దొరికిన మొదటి సెమిటిక్ వర్ణమాల రాతలు నిలువుగానూ, అడ్డంగానూ, రెండు దిక్కులా ఉంటాయి. తెలుగువారికి ఇది మరీ కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుని చిన్న శిలాశాసనంలోనూ కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. కాబట్టి పాత రాత చేతికొస్తే ముందు దిక్కు తేల్చుకోండి. ముఖం ఉన్న అక్షరాలు ఎటు చూస్తున్నాయో గమనిస్తే తెలుస్తుంది.

వెలుతురు

చెక్కిన రాతను ఎదురు వెలుతురులో చూస్తే ఏమీ తెలియదు. దీపం రాతి ముఖానికి దాదాపు సమాంతరంగా, 10 నుంచి 20 డిగ్రీల కోణంలో ఉండాలి. అప్పుడు గీతల్లో నీడ పడుతుంది. కెమెరాను స్టాండు మీద కదలకుండా ఉంచి, దీపాన్ని గడియారం ముల్లులా చుట్టూ తిప్పుతూ ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫోటోలు తీయండి. ఒక్క దిక్కుతో సరిపెట్టవద్దు. వెలుతురు వచ్చే దిక్కుకు సమాంతరంగా ఉన్న గీత నీడే వేయదు, ఆ ఫోటోలో మాయమైపోతుంది. అడ్డగీతలు మాయమై హే ఒట్టి నిలువుగీతలా కనబడేది ఇలాగే.

గీతా పగులా అన్న సందేహానికి కూడా ఇదే మందు. దీపాన్ని ఎదుటి వైపుకు మార్చండి. చెక్కిన గీత అయితే వెలుగు అంచు, నీడ అంచు తారుమారవుతాయి. మరకయితే ఏ మార్పూ ఉండదు. పగులైతే అక్షరం దాటి రాతిలోకి పోతుంది, లోతు ఎక్కడికక్కడ మారుతుంది. ఉలి గీతకు మొదలూ చివరా ఉంటాయి.

ఇంకాస్త లోతుగా వెళ్లదలిస్తే, 2001లో టామ్ మాల్జ్‌బెండర్ బృందం ప్రకటించిన పద్ధతి ఉంది. నున్నగా మెరిసే నల్ల గోళీ ఒకటి రాయి పక్కన పెట్టి, కెమెరా కదపకుండా దీపాన్ని అర్ధగోళంలా తిప్పుతూ నలభై యాభై ఫోటోలు తీస్తారు. దీపం దూరం మారకుండా తాడు కట్టి కొలుస్తారు. ఆ దూరం రాయి వెడల్పుకు మూడు నాలుగు రెట్లు ఉండాలి. గోళీ మీది మెరుపు చుక్కను బట్టి ఏ ఫోటోలో వెలుతురు ఎటు నుంచి వచ్చిందో సాఫ్ట్‌వేరు లెక్కగడుతుంది. ఆపైన తెర మీద దీపాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

ఇస్తాంబుల్ వెళ్లనక్కర్లేదు, వెలుతురు సాధనకు దగ్గర్లోని ఏ గుడి శాసనమైనా సరే. ముట్టుకోకుండా ఫోటోలు మాత్రం తీయండి. సుద్ద పూయడం, నీళ్లు చల్లడం, పసుపు నింపడం లాంటివి చేయవద్దు. సుద్దతో దిద్దిన శాసనం ఫోటోలో కనబడేది రాయి కాదు, దిద్దినవారి అభిప్రాయం.

కాగితపు ముద్ర విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన శాసన శాఖ వాళ్లు తీసే ఎస్టాంపేజీలో తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, పైన సిరా పులుముతారు. గీతలు తెల్లగా మిగులుతాయి. పశ్చిమాసియాలో ఎక్కువగా సిరా లేకుండానే మందపాటి కాగితాన్ని గీతల్లోకి కొట్టి ఆరబెట్టి తీస్తారు, లోతుతో సహా అచ్చు వస్తుంది. మోయాబు రాజు మేషా శాసనం మనకు దాదాపు పూర్తిగా దక్కిందంటే అలాంటి కాగితమే కారణం. 1868లో జోర్డాన్‌లోని దీబోనులో క్లైన్ అనే మిషనరీ ఆ రాయిని చూశాడు. మరుసటి ఏడు ఫ్రెంచి పండితుడు క్లెర్మోఁ-గన్నో పంపిన మనిషి ముద్ర తీశాడు. ఆ తర్వాత బెదూయిన్లు రాయిని పగలగొట్టారు. లూవ్ర్‌లో ఇప్పుడున్న శిలలో పోయిన భాగాలు ఆ ముద్రను చూసి పూరించినవే. ఈ ముద్రలు తీయడం అనుమతి, శిక్షణ ఉన్నవారి పని. మెత్తటి రాయి పొర కాగితంతో పాటు ఊడి వస్తుంది.

కుండపెంకుల మీద సిరా రాతలకు పక్క వెలుతురు పనికిరాదు. వాటికి పరారుణ ఫోటోలు కావాలి. ఇజ్రాయెల్‌లోని అరాదులో దొరికిన పెంకు 16 వెనక వైపు ఖాళీ అని అర్ధశతాబ్దం పాటు అనుకున్నారు. 2017లో బహుళ వర్ణపట చిత్రాలతో అక్కడ పంక్తులు బయటపడ్డాయి.

చేతి నకలు

ఫోటోను అసలు పరిమాణానికి కనీసం రెండింతలు అచ్చు తీసుకోండి. గెజెరు పలక అయితే ఏ4 కాగితంలో హాయిగా పడుతుంది. పైన ట్రేసింగ్ కాగితం పరిచి 0.5 పెన్సిలుతో గీయండి. స్పష్టమైన గీతకు నిండు గీత, అనుమానం ఉన్నదానికి చుక్కల గీత, రాయి పెచ్చులూడిన చోట ఏటవాలు గీతలు. ఎనిమిది ఫోటోల్లో కనీసం రెంటిలో కనబడనిదాన్ని నిండు గీతగా వేయవద్దు. ఈ దశలో అక్షరమాల పట్టిక బల్ల మీద ఉండకూడదు. మీరు గీస్తున్నది గీతలను, అక్షరాలను కాదు.

నకలు అయ్యాక పక్కన పెట్టి మర్నాడు అక్షరాలుగా మార్చండి. కచ్చితమైన అక్షరం మామూలుగా, సందేహం ఉన్నదాని పైన చిన్న సున్నా, పూర్తిగా పోయి మీరు పూరించినది చదరపు కుండలీకరణంలో. కుండలీకరణం బయట ఉన్న ప్రతి అక్షరానికీ మీరు పూచీ.

గెజెరు పలక: మొదటి అభ్యాసం

మొదటి పంక్తి: య-ర-హః-వ . అ-స-ప . య-ర-హః-వ . ౙ. చివర ఒక్క ౙ మిగిలిపోయింది. రెండో పంక్తి ర-‘అ తో మొదలవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పంక్తి అయిపోతే పదం కూడా అయిపోవాలన్న నియమం ఈ లేఖకులకు లేదు. రెండూ కలిపితే ౙ-ర-‘అ, విత్తడం.

య-ర-హః అంటే నెల. చివర వ ఉంటే రెండు నెలలని పండితుల అంచనా. మిగతా పంక్తులు: య-ర-హః-వ . ల-ఖ-ష, కాస్త ఆలస్యంగా వేసే పైరు. య-ర-హః . ‘అ-ౘ-ద . ప-ష-త, అవిసె కోత. య-ర-హః . ఖ-ౘ-ర . ష-‘అ-ర-మ, బార్లీ కోత. య-ర-హః . ఖ-ౘ-ర . వ-క-ల, కోత, దాని ముగింపు లేదా కొలత. య-ర-హః-వ . ౙ-మ-ర, ద్రాక్ష పని. య-ర-హః . ఖ-ౘ, వేసవి పండ్లు. మొదటిదైన అ-స-ప పంట ఇంటికి చేర్చడం.

ఇప్పుడు లెక్క చూడండి. య-ర-హః-వ నాలుగుసార్లు వచ్చింది, అంటే ఎనిమిది నెలలు. య-ర-హః నాలుగుసార్లు, నాలుగు నెలలు. మొత్తం పన్నెండు. చివరి వ రెండును సూచిస్తుందన్న అంచనాకు ఇది గట్టి బలం. వ్యాకరణ పుస్తకం తెరవకుండా శాసనం తన లోపలి నుంచే ఇచ్చిన సాక్ష్యం ఇది, ఇలాంటివాటిని ముందు వెతకాలి. ఈ పలక భాష హీబ్రూనా, ఫినీషియనా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఇంత చిన్న పాఠంలో తేల్చే గుర్తులు లేవు.

భాషను ఎలా తేల్చాలి

లిపి ఒకటైనంత మాత్రాన భాష ఒకటి కాదు. నాలుగు గుర్తులు చూడండి. కొడుకు అనే మాట: ఫినీషియన్, హీబ్రూ, మోయాబు భాషల్లో బ-న, అరామిక్‌లో బ-ర. పుంలింగ బహువచనం: హీబ్రూ, ఫినీషియన్‌లలో చివర మ, అరామిక్, మోయాబు భాషల్లో న. నిర్దిష్టత తెలిపే గుర్తు: హీబ్రూ, మోయాబు భాషల్లో పదం ముందు హ, అరామిక్‌లో పదం చివర అ. సంబంధ పదం (ఏదైతే, ఎవరైతే అనే అర్థంలో వచ్చేది): హీబ్రూలో అ-ష-ర, ఫినీషియన్‌లో అ-ష, పాత అరామిక్‌లో ౙ-య.

ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దు. తుర్కీలోని ౙిన్జిర్లిలో దొరికిన రాజు కిలమువ శాసనం ఫినీషియన్ భాషలో ఉంది, కానీ తండ్రి పేరు ముందు అరామిక్ బ-ర కనబడుతుంది. మాతృభాష పేర్లలోకి అలా చొరబడుతుంది. అలాగే అ-ష అనేది ఫినీషియన్‌లో సంబంధ పదం, సిలోయము శాసనంలో మనిషి. నిఘంటువు తెరిచే ముందే భాష తేల్చుకోవాల్సింది ఇందుకే.

సిలోయము శాసనం: రెండో అభ్యాసం

ఇక్కడ పదాల మధ్య చుక్కలున్నాయి, అందువల్ల పని సులువు. అక్షరాల కాళ్లు గెజెరు పలకలోలా బిగుసుకుని లేవు, కలంతో రాసే అలవాటు ఉన్న చేతిలా ఎడమకు ఒయ్యారంగా వంగుతాయి. రెండో పంక్తి చూద్దాం:

హ-గ-ర-ౙ-న . అ-ష . అ-ల . ర-‘అ-వ . వ-బ-‘అ-వ-ద . ష-ల-ష . అ-మ-త . ల-హ-న-[ఖ-బ . న-ష-మ]-‘అ . ఖ-ల . అ-ష . ఖ

కుండలీకరణంలో ఉన్నది రాతి మీద లేదు. అక్కడ పెచ్చు ఊడింది. పూరించే పద్ధతి ఇలా: ముందు అదే పంక్తిలో చెడని పది అక్షరాల మొత్తం వెడల్పు కొలిచి సగటు తీయండి, చుక్కకు పట్టే చోటు విడిగా కొలవండి. ఖాళీ వెడల్పును దానితో భాగిస్తే ఎన్ని అక్షరాలు పడతాయో వస్తుంది. ఈ పూరణకు ఐదు అక్షరాలు, ఒక చుక్క కావాలి. మేమ్ లాంటివి వెడల్పయినవి, లామెద్ లాంటివి సన్ననివి. కాబట్టి ఒక అక్షరం అటూ ఇటూ రావచ్చు. చోటుకు సరిపోవడం మొదటి పరీక్ష. రెండోది, ఖాళీకి ముందున్న ల-హ-న, తర్వాతి ‘అ రెంటితోనూ అతకాలి. మూడోది, ఆ భాషలో అలాంటి ప్రయోగం మరోచోట ఉండాలి. ఈ మూడూ దాటినా అది పూరణే, ఆధారంగా వాడుకోకూడదు. పూరించిన మాట మీద మరో వాదం కట్టడం శాసన చరిత్రలో పదే పదే జరిగిన తప్పు.

అర్థం: గొడ్డళ్లు చేతబట్టి ఒకరికి ఎదురుగా ఒకరు తొలుస్తున్నారు. ఇంకా మూడు మూరలు తొలవాల్సి ఉండగా, అవతలి నుంచి ఒక మనిషి గొంతు వినిపించింది. పంక్తి చివరి ఖ కింది పంక్తిలోని [ర]-అ తో కలిసి పిలవడం అనే మాట అవుతుంది. ఇక్కడా పదం రెండు పంక్తుల మధ్య విరిగింది. ఇదే శాసనంలో మూడో పంక్తి చివర, ఐదో పంక్తి చివర కూడా అంతే.

గొంతు అనే మాట ఖ-ల, మనిషి అనే మాట అ-ష. బైబిలు హీబ్రూలో వీటి మధ్య వ, య వచ్చి చేరతాయి, అవి దీర్ఘాచ్చును సూచించే అక్షరాలు. ఈ కాలానికి మాట మధ్యలో వాటిని వాడే అలవాటు ఇంకా బలపడలేదు. కాబట్టి నిఘంటువులో వెతికేటప్పుడు మధ్యలో వ, య పెట్టుకుని కూడా చూడండి.

మూడో పంక్తిలో ౙ-ద-హ అనే మాట వస్తుంది. రాతిలో ఉన్నదేదో. పగులు అని చాలామంది అంటారు, కానీ ఈ మాట మరెక్కడా నిశ్చయంగా దొరకలేదు. అనువాదంలో అక్కడ ప్రశ్నార్థకం ఉండాల్సిందే.

ఐదో పంక్తిలో నీళ్లు ఊట నుంచి కోనేటికి వెయ్యిన్నీ రెండువందల మూరలు పారాయని ఉంది. సొరంగం పొడవు నేటి కొలతలో 533 మీటర్లు. భాగిస్తే మూరకు సుమారు 44 సెంటీమీటర్లు. అయితే 1200 అన్నది గుండుగుత్తగా చెప్పిన సంఖ్య, కాబట్టి మిల్లీమీటర్ల దాకా లాగవద్దు. ఇంకో సంగతి: ఈ సొరంగాన్ని హిజ్కియా రాజుకు ముడిపెట్టేది రాజుల రెండవ గ్రంథం, శాసనం కాదు. ఆరు పంక్తుల్లో ఏ రాజు పేరూ లేదు. శాసనం చెప్పినదాన్నీ, బయటి గ్రంథం నుంచి తెచ్చినదాన్నీ మీ నోట్సులో రెండు వేరు పేజీల్లో పెట్టండి.

చుక్క ఉందా, లేదా

పదవిభజన చుక్కలు చిన్న విషయంగా కనబడతాయి గానీ, గొడవలు అక్కడే పుడతాయి. తేల్ దానులో 1993లో దొరికిన అరామిక్ శాసనంలో బ-య-త-ద-వ-ద అని ఉంది, బ-య-త కూ ద-వ-ద కూ మధ్య చుక్క లేదు. దావీదు వంశం అని ఎక్కువమంది చదివారు. చుక్క లేదు కాబట్టి అది ఒక ఊరి పేరు కావచ్చని కొందరు వాదించారు. మీ నకలులో చుక్క లేకపోవడాన్ని కూడా నమోదు చేయండి. అర్థం కుదిరేలా లేని చుక్క పెట్టవద్దు, ఉన్నదాన్ని తీసేయవద్దు. మేషా శాసనంలో పదాల మధ్య చుక్కలతో పాటు వాక్యాల మధ్య నిలువు గీతలు కూడా ఉన్నాయి. అక్కడ ఆ గీతలను అక్షరాలుగా చదవకుండా చూసుకోవాలి.

కాలం కట్టడం

అక్షర రూపాన్ని బట్టి కాలం చెప్పేటప్పుడు యాభై ఏళ్లకన్నా ఇరుకైన గడువు ఇవ్వవద్దు. తవ్వకపు పొర ద్వారా కాలం తెలిసిన శాసనాలతోనే పోల్చండి. ఒక్క అక్షరం పాత రూపంలో ఉన్నంత మాత్రాన శాసనం పాతది కాదు. ఊరూరికీ, చేతి చేతికీ తేడా ఉంటుంది, రాతి మీద రాత సిరా రాతకన్నా వెనకబడి ఉంటుంది. కనీసం ఆరేడు అక్షరాలు ఒకే దిశగా చూపిస్తేనే మాట్లాడండి.

అచ్చు పాఠంతో పోల్చడం

ఇప్పుడు, ఇప్పుడే, ప్రచురిత పాఠం తెరవండి. తేడా వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఒక పట్టికలో రాసి, ఎదురుగా ఏ ఫోటోలో ఏ దిక్కు వెలుతురులో మీకు అలా కనబడిందో నమోదు చేయండి. మళ్లీ ఆ ఫోటోకు వెళ్లి చూడండి. తొంభై శాతం తేడాలు మీ తప్పులే అవుతాయి, వాటిలోనూ దాలెత్, రేష్‌లే ఎక్కువ. మిగిలినవాటిని వదలకండి, వేరే ఫోటో దొరికేదాకా పట్టికలో ఉంచండి.

ఆ తర్వాత మేషా శాసనం మొదటి ఐదు పంక్తులు. మొదటి పంక్తి అ-న-క . మ-ష-‘అ తో, అంటే "నేను మేషాను" అని మొదలవుతుంది. బహువచనాల చివర మ కాక న కనబడుతుంది. హీబ్రూ చదివిన కంటికి అది మొదట అరామిక్ అనిపిస్తుంది. పదాల ముందున్న హ, శాసనంలో మున్ముందు వచ్చే సంబంధ పదం అ-ష-ర చూసుకుంటే సందేహం తీరుతుంది. దాని తర్వాత లాకీషు పెంకులు, అంటే సిరా రాత, అక్షరాల కొత్త రూపాలు. అక్కడ నకలు పని మళ్లీ మొదటి నుంచి నేర్వాలి.